పిలవని చుట్టం

మా చిన్నతనంలో ఎండాకాలం వచ్చిందంటే రెండు తప్పకుండా వచ్చేవి: మామిడిపళ్ళూ, సెగ్గడ్డలూ. సెలవులకి తెనాలిలో మా పెద్దమ్మగారింట్లో చేరిన పదిమంది పిల్లల్లో ఎవరో ఒకరికి నుదుటి మీదో, తొడ మీదో, కూర్చోవడానికి వీల్లేని చోటో గడ్డ లేచేది. "పిల్లాడికి వేడి చేసింది, మామిడిపండు మాన్పించండి" అని పెద్దలు తీర్పు చెప్పేవారు. తమలపాకుకి ఆముదం రాసి, దీపం సెగకి వెచ్చచేసి గడ్డ మీద వేసి కట్టేవారు. అది నాలుగు రోజుల్లో పండి, పగిలి, చీము పోయి మానేది. వారం తిరక్కుండా ఇంకొకడికి లేచేది. మళ్ళీ తమలపాకు, మళ్ళీ ఆముదం.

ఆ పదిమందిమీ ఒకే పక్కమీద పడుకునేవాళ్ళం. నూతి దగ్గర ఒకే సబ్బుబిళ్ళతో స్నానం చేసి, ఒకే తుండుగుడ్డతో ఒళ్ళు తుడుచుకునేవాళ్ళం. నేరమంతా మామిడిపండు మీద పడింది గానీ ఆ తుండుగుడ్డని ఎవరూ అనుమానించలేదు. నేనూ అనుమానించలేదు, ముప్ఫై అయిదేళ్ళ తర్వాత సెయింట్ లూయిస్ శివార్లలో మా ఇంట్లో అదే కథ మొదలయ్యేదాకా.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాను. కాకినాడలో ఇంజనీరింగు చదివి, కోడు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. ఈ వ్యాసంలో ఉన్నది మా ఇంటి అనుభవం, దాని పుణ్యమా అని నేను చదివి తెలుసుకున్న సంగతులూ. వైద్యం మాత్రం మీ డాక్టరు చెప్పినట్టే చేయించుకోండి.

2022 శరదృతువులో మా అబ్బాయి హైస్కూల్లో రెజ్లింగ్ జట్టులో చేరాడు. పదిహేనేళ్ళవాడు. మనవాళ్ళ పిల్లలు కుస్తీ పట్టడమేమిటని మా ఆవిడ కాస్త దిగులుపడింది గానీ, వాడి ఉత్సాహం చూసి ఊరుకుంది. థాంక్స్‌గివింగ్ వెళ్ళిన వారానికి వాడి తొడ మీద చిన్న ఎర్రటి పొక్కు లేచింది. సాలీడు కుట్టిందన్నాడు వాడు. అప్పుడు మా అమ్మ ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. చూడగానే, "ఒరేయ్, ఇది సాలీడూ కాదు, గీలీడూ కాదు, సెగ్గడ్డ. వీడు రోజూ ఆ ప్రోటీను పొడి తాగుతున్నాడు, వేడి చేసింది. మజ్జిగ పొయ్యండి" అంది. మా ఆవిడ ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల సంచీ తీసి అమాక్సిసిలిన్ మాత్రలు రెండు రోజులు వేసింది. నేను, మూడోనాడు రాత్రి, వాడు వద్దంటున్నా వినకుండా దాన్ని నొక్కి చీము తీశాను. ముగ్గురం మూడు తప్పులు చేశాం. నాదే పెద్దది.

మర్నాటికి గడ్డ నిమ్మకాయంత అయింది. చుట్టూ అరచేయంత మేర ఎర్రబడి, నూట రెండు జ్వరం. అర్జెంట్ కేర్‌కి తీసుకెళితే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, కోసి, చీము తీసి, అందులో కాస్త పరీక్షకి పంపారు. రిపోర్టులో వచ్చిన పేరు మెర్సా. మెతిసిలిన్ అనే మందుకి లొంగని స్టాఫిలోకాకస్ ఆరియస్ అన్నమాట. దానికి పనిచేసే మాత్రలు ఇచ్చారు. పది రోజుల్లో తగ్గింది. మేము దాన్ని మరిచిపోయాం.

మా వృత్తిలో ఒక అనుభవం అందరికీ ఉంటుంది. బగ్ సరిచేశామని మూసేస్తాం. ఆరు వారాల తర్వాత అదే బగ్ ఇంకోచోట తేలుతుంది. అప్పుడుగాని అర్థం కాదు, మనం తుడిచింది మచ్చనేనని, కారుతున్న గొట్టం అలాగే ఉందని. జనవరిలో వాడికి వీపు మీద మరో గడ్డ. ఫిబ్రవరిలో, ఏ కుస్తీ ఎరగని మా తొమ్మిదేళ్ళ పాపకి చంకలో ఇంకోటి. ఆ పిల్ల చెయ్యి దించలేక ఏడుస్తూ ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి చదవడం మొదలుపెట్టాను.

ఈ క్రిమి చరిత్ర చిత్రంగా ఉంటుంది. 1880 ప్రాంతంలో స్కాట్లండులోని అబర్డీన్ ఊళ్ళో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్ గడ్డల్లోంచి తీసిన చీముని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. గుండ్రటి కణాలు గుత్తులు గుత్తులుగా, ద్రాక్షపళ్ళలా కనిపించాయి. గ్రీకు భాషలో ద్రాక్షగుత్తిని స్టఫిలే అంటారు. అందుకని 1882లో వాటికి స్టాఫిలోకాకస్ అని పేరు పెట్టాడు. 1884లో రోజెన్‌బాక్ అనే జర్మన్ వైద్యుడు వీటిలో బంగారు వన్నెలో పెరిగే రకానికి ఆరియస్ అని పేరు చేర్చాడు. ఆ మాటకి బంగారు రంగుది అని అర్థం. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్ కనిపెట్టింది కూడా ఈ స్టాఫ్ క్రిములు పెంచుతున్న పళ్ళెంలో బూజు పట్టడం వల్లనే. అయితే, తనని చంపే మందుని బయటపెట్టిన క్రిమే ఆ మందుని తప్పించుకోవడమూ నేర్చుకుంది. ఇవాళ స్టాఫ్‌లో చాలా భాగం మామూలు పెన్సిలిన్‌కీ, దాని తమ్ముడు అమాక్సిసిలిన్‌కీ లొంగదు. మా ఆవిడ వేసిన మాత్రలు అందుకే పనిచెయ్యలేదు. 1959లో మెతిసిలిన్ వచ్చింది. 1961కల్లా దానికీ లొంగని రకాలు ఇంగ్లండులో కనిపించాయి.

చాలాకాలం ఇది ఆసుపత్రుల జబ్బే అనుకున్నారు. 1997-99 మధ్య మిన్నెసోటా, నార్త్ డకోటాల్లో ఆసుపత్రి గుమ్మం తొక్కని నలుగురు పిల్లలు దీనివల్ల చనిపోయారని 1999లో సీడీసీ ప్రకటించడంతో, ఇది వీధుల్లోకి వచ్చిందని తెలిసింది. 2003లో మా ఊరి ఫుట్‌బాల్ జట్టే దీని బారిన పడింది. అప్పట్లో రామ్స్ జట్టు సెయింట్ లూయిస్‌లోనే ఉండేది. 58 మంది ఆటగాళ్ళలో అయిదుగురికి, మొత్తం ఎనిమిదిసార్లు గడ్డలు లేచాయి. అన్నీ మైదానం మీద పడి చర్మం గీసుకుపోయిన చోట్లే. వాళ్ళని పరిశీలించినవాళ్ళు 2005లో రాసిన వివరాలు చూడండి: ఒక్కో తువ్వాలుని ముగ్గురేసి వాడుకున్నారు, స్నానం చెయ్యకుండానే వేణ్ణీళ్ళ తొట్టిలో దిగారు, గాయాలకి కట్లు కట్టేవాళ్ళకి చేతులు కడుక్కునే వీలు సరిగ్గా లేదు. కోట్లు గడించే ఆటగాళ్ళు! చదువుతూ ఉంటే తెనాలి నూతి గట్టు గుర్తొచ్చింది.

మరి ఈ క్రిమి ఎక్కడుంటుంది? మన ముక్కులోనే. ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరి ముక్కులో స్టాఫ్ కాపురం ఉంటుంది. మందులకి లొంగని మెర్సా రకం వందలో ఒకరిద్దరి దగ్గర ఉంటుంది. చంకల్లో, గజ్జల్లో కూడా ఉండొచ్చు. అది అక్కడున్నంత మాత్రాన జబ్బు కాదు. చర్మం గోడలాంటిది. గోడకి బీట పడినప్పుడే దొంగ లోపలికొస్తాడు. రేజరు గీత, దోమకాటు గోకిన చోటు, ఎగ్జిమా పగుళ్ళు, చెమటకి ఒరుసుకుపోయిన చర్మం, ఇవన్నీ ఆ బీటలే. ముక్కులో వేలు పెట్టుకుని, అదే వేలితో పొక్కు గోక్కుంటే దొంగకి దారి మనమే చూపించినట్టు.

ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడానికి అయిదు కారణాలని సీడీసీ చెబుతుంది. మనుషులు కిక్కిరిసి ఉండడం, ఒంటికి ఒళ్ళు తగలడం, చర్మం తెగి ఉండడం, మురికి పడిన వస్తువులు పంచుకోవడం, శుభ్రత లోపించడం. కుస్తీ పోటీలో ఈ అయిదూ ఒకేసారి ఉంటాయి. పదిమంది పిల్లలున్న తెనాలి ఇంట్లోనూ ఉండేవి. ఎండాకాలంలో గడ్డలెక్కువ లేచేది కూడా అందుకే. చెమట, చెమటకాయలు, గోకుడు, ఒకే పక్క. మామిడిపండుకి ఇందులో పాలు లేదు.

పాపని చూసిన డాక్టరమ్మ గడ్డ కంటే ముందు మా ఇంటి గురించి అడిగింది. ఎంతమంది ఉంటారు? తువ్వాళ్ళు వేరువేరా? ఇంకెవరికైనా గడ్డలు లేచాయా? "లేదు" అన్నాన్నేను. ఆవిడ ఒక్క క్షణం నా మెడకేసి చూసి, "మరి అదేమిటి?" అంది.

రెండేళ్ళుగా నాకు మెడ వెనక, ట్రిమ్మర్ తగిలే చోట, చీముపొక్కులు వచ్చి పోతున్నాయి. షేవింగు పొక్కులనుకుని పట్టించుకోలేదు. అదే ట్రిమ్మర్ మా అబ్బాయి ఆర్నెల్లుగా వాడుతున్నాడు. నా నుంచి వాడికొచ్చిందో, వాడి నుంచి నాకొచ్చిందో తేల్చలేమని డాక్టరమ్మ అంది. కానీ నాలుగు నెలలుగా బడినీ, కుస్తీ చాపనీ, ప్రోటీను పొడినీ తిట్టుకుంటూ వచ్చినవాణ్ణి నా మెడ సంగతి ఎక్కడా చెప్పలేదు. దాచాలని కాదు, అది లెక్కలోకి వస్తుందని తోచలేదు. కారులో పాప వెనక సీట్లో నిద్రపోతోంది. నేను ఇంటిదాకా మాట్లాడలేకపోయాను.

ఆవిడ చెప్పిన వైద్యం ఒకరికి కాదు, ఇంటిల్లిపాదికీ. దీనికీ మా ఊళ్ళోనే జరిగిన ఆధారం ఉంది. వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు గడ్డలొచ్చిన 183 మంది పిల్లల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టులో పిల్లవాడికి ఒక్కడికే క్రిమిని తొలగించే స్నానాలు, ముక్కుకి మందు. రెండో జట్టులో ఇంట్లో అందరికీ. ఏడాది తిరిగేసరికి మొదటి జట్టులో 72 శాతం మందికి మళ్ళీ చర్మవ్యాధి వచ్చింది, రెండో జట్టులో 52 శాతం మందికి. 2012లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. గమనించండి, 52 అంటే సున్నా కాదు. ఇది ఒక్క దెబ్బతో తెగే వ్యవహారం కాదు.

ఇంటికొచ్చి విషయం చెప్పగానే అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. "అయితే మన ఇంట్లో శుభ్రం లేదంటుందిరా ఆవిడ? నేను పొద్దున్నే స్నానం చెయ్యందే పొయ్యి ముట్టుకోను. ఇల్లు అద్దంలా పెట్టుకుంటుంది కోడలు." మా ఆవిడ, "అది కాదత్తయ్యా, ఎవరినీ తప్పు పట్టడం కాదు" అని నచ్చచెప్పబోతే వినలేదు. నాక్కూడా ఆ మాట గుచ్చుకున్న మాట నిజమే. రెండుపూటలా స్నానం చేసే జాతి కదా మనది. అమ్మకి నా మెడ చూపించాను. రామ్స్ జట్టు కథ చెప్పాను. చాలాసేపు ఊరుకుని, "మా అమ్మమ్మ మడిబట్ట ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఎవరి తుండు వాళ్ళదే అనేది. మేం ఆవిణ్ణి చూసి నవ్వేవాళ్ళం" అంది. మడి పేరుతో మనవాళ్ళు మనుషుల్నే దూరం పెట్టారు, ఆ పాపం మాసిపోదు. కానీ ఎవరి గుడ్డ వాళ్ళదన్న ఒక్క ముక్క మాత్రం ఈ క్రిమి విషయంలో అక్షరాలా నిజం.

మేము చేసింది ఇదీ. అయిదు రోజులపాటు అయిదుగురం రోజుకి రెండుసార్లు ముక్కుపుటాల్లోపల మ్యూపిరోసిన్ ఆయింట్‌మెంటు రాసుకున్నాం. రోజూ క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంతో మెడ నుంచి పాదాలదాకా స్నానం చేశాం. అది కళ్ళలోకీ చెవుల్లోకీ పోకూడదు, పసిపిల్లలకి డాక్టరు చెప్పందే వాడకూడదు. తువ్వాళ్ళు, పక్కబట్టలు, గలీబులు, లోదుస్తులు ఏ రోజుకారోజు వేణ్ణీళ్ళలో ఉతికి, డ్రయ్యర్‌లో చెమ్మ లేకుండా ఆరబెట్టాం. అసలు మర్మం ఇక్కడుంది. మనుషుల్ని శుభ్రం చేసి తువ్వాళ్ళని వదిలేస్తే, తువ్వాళ్ళు మళ్ళీ మనుషులకి అంటిస్తాయి. ఈ క్రిమి గుడ్డల మీద రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి బతకగలదు. ఒక చిన్న హెచ్చరిక కూడా: క్లోర్‌హెక్సిడిన్ అంటిన గుడ్డల్ని బ్లీచ్ వేసి ఉతికితే గోధుమరంగు మరకలు పడతాయి. మా తెల్ల తువ్వాళ్ళన్నీ టీ ఒలికినట్టు తయారయ్యాయి. కొందరికి డాక్టర్లు దీని బదులు బ్లీచ్ స్నానం చెబుతారు. గ్యాలన్ నీళ్ళకి ఒక చెంచాడు మామూలు బ్లీచ్ చొప్పున కలిపి, పావుగంట, వారానికి రెండుసార్లు. చెంచా అంటే టీస్పూనే. డాక్టరు చెబితేనే చెయ్యండి, కొలత మించనివ్వకండి.

ఆ అయిదు రోజులూ గడిచాక మిగిలేవి రోజువారీ అలవాట్లు. ఎవరి తువ్వాలు వాళ్ళది. మా ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో రంగు. రేజరు, ట్రిమ్మర్, ఒళ్ళు రుద్దుకునే పీచు పంచుకోకూడదు. బిళ్ళసబ్బు బదులు సీసాసబ్బు. గోళ్ళు పొట్టిగా ఉండాలి. సబ్బుతో చేతులు ఇరవై సెకండ్లు కడగాలి. ఆట కాగానే, కారెక్కకముందే స్నానం. చెమట బట్టలు సంచీలో మర్నాటిదాకా మగ్గనివ్వకూడదు. గీత పడితే వెంటనే సబ్బునీళ్ళతో కడిగి, మానేదాకా పొడికట్టు కప్పి ఉంచాలి. కట్టు మార్చాక దాన్ని కవర్లో చుట్టి చెత్తలో వేసి, చేతులు కడుక్కోవాలి. ఆడపిల్లల ఎగ్జిమాకీ, మగపిల్లల చెమటకాయలకీ మందు రాయడం కూడా ఇందులో భాగమే. గోడ బీటలు పూడ్చడమంటే అదే.

యాంటీబాక్టీరియల్ సబ్బు కావాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. కరాచీ మురికివాడల్లో జరిపిన ఒక ప్రయోగం ఫలితాలు 2005లో వచ్చాయి. సబ్బుతో చేతులు కడుక్కోవడం నేర్పిన ఇళ్ళలో పిల్లలకి చీముపొక్కుల జబ్బు 34 శాతం తగ్గింది. మామూలు సబ్బుకీ, యాంటీబాక్టీరియల్ సబ్బుకీ తేడా కనబడలేదు. అలాంటి సబ్బుల్లో వాడే ట్రైక్లోసాన్ వగైరా పంతొమ్మిది రసాయనాల్ని 2016లో ఎఫ్‌డీఏ ఇళ్ళలో వాడే సబ్బుల నుంచి తీసేయమంది.

ఇక చెయ్యకూడనివి. గడ్డని నొక్కకండి; ముఖ్యంగా ముక్కు చుట్టూ, పై పెదవి మీద లేచినదాన్ని. నొక్కితే చీము లోపలికి పాకుతుంది. వేణ్ణీళ్ళలో ముంచిన శుభ్రమైన గుడ్డతో రోజుకి మూడు నాలుగుసార్లు కాపడం పెట్టండి. మా పెద్దమ్మ వెచ్చటి తమలపాకులో పనికొచ్చింది ఆ వెచ్చదనమే. పగిలిన గడ్డ మీద పసుపూ, వేపముద్దా పెట్టకండి. ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రలు మీ అంతట మీరు వెయ్యకండి. ఇచ్చిన కోర్సు మధ్యలో ఆపి, మిగిలినవి దాచకండి. మన సంచీల్లో తప్పకుండా ఉండే "అన్నిటికీ ఒకే క్రీము" గొట్టాల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది ఎరుపు తగ్గించి జబ్బుని దాస్తుంది, చర్మాన్ని పల్చబరుస్తుంది.

జ్వరం వచ్చినా, ఎరుపు పాకుతున్నా, ఎర్రటి చారలు కనిపించినా, గడ్డ ముఖం మీదున్నా, నొప్పి చూడ్డానికి కనబడేదానికంటే చాలా ఎక్కువగా ఉన్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పెద్దవాళ్ళకి గడ్డలు మళ్ళీ మళ్ళీ లేస్తుంటే చక్కెర పరీక్ష చేయించండి. సన్నగా కనిపించే మనవాళ్ళకి కూడా మధుమేహం త్వరగా వస్తుంది, గడ్డలు దాని తొలి కబురు కావచ్చు. నాకూ చేశారు. హద్దు మీద ఉంది.

వీటన్నిటికంటే కష్టమైనది చివరికి మిగిలింది. నలుగురికీ చెప్పడం. ఆ వారాంతం మా పాప స్నేహితురాలింట్లో పిల్లలంతా రాత్రి పడుకునే కార్యక్రమం ఉంది. మా ఆవిడ, "జలుబని చెబుదాం. గడ్డలంటే మన గురించి ఏమనుకుంటారు?" అంది. నాలుగు నెలల క్రితం నేనూ అదే అనేవాణ్ణి. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని, ఉన్నదున్నట్టు ఆ పిల్ల తల్లికీ, రెజ్లింగ్ కోచ్‌కీ రాశాం. కోచ్ చాపలు కడిగే పద్ధతి మార్చి, పిల్లలందరి ఒళ్ళూ చూడ్డం మొదలుపెట్టాడు. పాప స్నేహితురాలి తల్లి మర్నాడు ఫోను చేసింది. కోపంగా ఉంటుందనుకున్నాం. ఆవిడ గొంతు తగ్గించి, "మా వాడికి గత ఏడాది మూడుసార్లు కోశారండీ. ఎవరికీ చెప్పలేదు" అంది.

2023 వేసవిలో మా అబ్బాయికి ఒక చిన్న పొక్కు లేచింది. కప్పి ఉంచి, కాపడం పెట్టి, మళ్ళీ అయిదు రోజుల వ్రతం చేశాం. ఆ తర్వాత ఇప్పటిదాకా రాలేదు. ఇక రాదని మాత్రం అనను. ముగ్గురిలో ఒకరి ముక్కులో ఉండేదాన్ని లోకంలోంచి వెళ్ళగొట్టలేం కదా. అమ్మ ఇండియా వెళ్ళాక పెద్దమ్మగారింట్లో పిల్లలకి తలో తువ్వాలూ కొనిచ్చిందట. "అయినా మామిడిపళ్ళు మరీ ఎక్కువ తిననివ్వకు" అని మొన్న ఫోన్లో నాకు చెప్పింది. సరేనమ్మా అన్నాను.